తెలియని గడిని ఖాళీగా వదిలినవాడు

అయ్యలారా, అమ్మలారా, పిల్లలూ. ముందు వరుసలో కూర్చున్న అమలమ్మగారూ. అమ్మా శాలినీ.

ఇంత ఎండలో, బెంజ్ సర్కిల్ దగ్గర ఆ ట్రాఫిక్ అంతా దాటుకుని, ఇంతమంది వచ్చారు. సంతోషం అనకూడదు గానీ, చూస్తే ఒక రకంగా ఆశ్చర్యంగా ఉంది. ఈ ఆరు నెలల్లో ఇందులో సగం మంది స్టీఫెన్ ఇంటి గుమ్మం తొక్కలేదు. నేనూ తొక్కలేదు. కాబట్టి మిమ్మల్ని అనే హక్కు నాకు లేదు. అయినా అంటాను. నా నోరు ఎలాంటిదో మీకు కొత్త కాదు.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు పద్మావతమ్మ. డిగ్రీ కాలేజీలో ముప్పై మూడేళ్ళు బాటనీ చెప్పాను. స్టీఫెన్ నా దగ్గర చదువుకున్నాడు. నాకు ఎనభై ఒకటి. అతనికి యాభై ఎనిమిది. వరస ప్రకారమైతే ఈ మైకు ముందు అతను ఉండాలి, ఆ ఫ్లెక్సీ మీద నేను ఉండాలి.

ఆ ఫ్లెక్సీ గురించి ఒక మాట. అందులో స్టీఫెన్ పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. నలభై ఏళ్ళలో అతను అలా నవ్వడం నేను చూడలేదు. ఎవరో కంప్యూటర్లో నవ్వించినట్టున్నారు. పోయినవాళ్ళు నవ్వుతూ ఉంటే మనకు కాస్త తేలిగ్గా ఉంటుంది కదూ?

సభను నడుపుతున్న జాన్ పాల్ గారు నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు. ఈయనా నా విద్యార్థే. గంట కొట్టినా నేను పాఠం ఆపేదాన్ని కాదని ఈయనకు బాగా గుర్తుండాలి. ఇవాళ కూడా ఆపను. ఇప్పటిదాకా మాట్లాడిన ఆరుగురూ చాలా బాగా మాట్లాడారు. స్టీఫెన్ మంచివాడన్నారు, మితభాషి అన్నారు, ప్రతి ఆదివారం గుణదల గుడికి వెళ్ళేవాడన్నారు. అన్నీ నిజమే. కానీ మీరందరూ లోపలికి వస్తూ చెప్పుల దగ్గర మాట్లాడుకున్న మాట మాత్రం ఒక్కరూ మైకులో అనలేదు. ఆ మాట నేను అనడానికి వచ్చాను.

మైలవరం వైపు తొమ్మిది మంది రైతులు ఎర్ర వైను చేసే ద్రాక్ష వేశారు. ఒక వైను కంపెనీ కాయంతా కొంటానని ఒప్పుకుంది. కాబెర్నే అనే రకం మాత్రమే కావాలంది. మొక్కలు కాబెర్నేవేనని స్టీఫెన్ సర్టిఫికెట్ ఇచ్చాడు. తీరా చూస్తే పదింట నాలుగు మొక్కలు వేరే రకం. కంపెనీ ఒప్పందం రద్దు చేసింది. శాస్త్రవేత్త సంతకం అమ్ముకున్నాడని ఊరంతా అనుకున్నారు. రైతులు ఫిర్యాదు రాశారు. అందులో నిందితుడి గడిలో స్టీఫెన్ పేరు ఉంది. ఇదే కదా మీరు చెప్పుల దగ్గర మాట్లాడుకున్నది?

ఇది తప్పు. ఎలా తప్పో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. ఓపిక పట్టండి.

స్టీఫెన్ కాలేజీలో చేరిన మొదటి వారం. అప్పట్లో ప్రాక్టికల్స్‌కి వేరే ఫారం నింపించేవాళ్ళం. అతని ఫారంలో తల్లి పేరు అమలమ్మ అని ఉంది. తండ్రి పేరు గడి ఖాళీ. అరవై మంది ముందు లేపి నిలబెట్టి అడిగాను, ఏమిటయ్యా ఇది, మీ నాన్న పేరు రాయడం మరిచిపోయావా అని. క్లాసు నవ్వింది. నేను నవ్వించాను, నాకు అలవాటు. పదిహేడేళ్ళ పిల్లాడు తల దించుకోలేదు. "తెలిసినంత వరకే రాశానండీ" అన్నాడు. అంతే. నవ్వు ఆగిపోయింది.

ఆఫీసు గుమాస్తా మంచివాడే, ఏదో ఒక పేరు రాసెయ్, ఎవరు చూస్తారు అని సలహా ఇచ్చాడట. స్టీఫెన్ రాయలేదు. ఆ గడి మూడేళ్ళూ అలాగే ఉంది. అమలమ్మగారు గుణదల కొండ కింద కొవ్వొత్తులు అమ్మి అతన్ని చదివించారు. ఆ మూడేళ్ళలో నేను ఆ పిల్లాడికి ఆకు చూడడం నేర్పాను. అంచు ఎలా ఉంది, ఈనెలు ఎలా విడిపోయాయి, తొడిమ దగ్గర సందు ఎంత. నాకంటే బాగా బొమ్మ వేసేవాడు. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. పిల్లలను పొగిడితే పాడవుతారని మా తరం నమ్మకం. పొగడకపోయినా కొందరు పాడవుతారని, టీచర్లు కూడా పాడవుతారని తర్వాత తెలిసింది.

తర్వాత అతను పై చదువుకి వెళ్ళాడు, ద్రాక్ష మీద పరిశోధన చేసే ల్యాబులో చేరాడు. ఎర్ర వైను ద్రాక్ష రకాల్లో ఎవరు ఎవరికి పుట్టారన్నది తేల్చే పని. వినడానికి పెళ్ళిళ్ళ పేరయ్య పనిలా ఉంటుంది. నేనూ అలాగే ఎగతాళి చేశాను. నేను వైను ముట్టలేదు. ముట్టినవాళ్ళు ఈ హాల్లో ఉన్నారు, ఎవరెవరో నాకు తెలుసు, కంగారు పడకండి.

అసలు సంగతి ఇది. ప్రతి మొక్క కణంలోనూ డీఎన్ఏ మీద కొన్ని నిర్ణీతమైన చోట్లు ఉంటాయి. ఒక్కో చోట రెండు అంకెలు దొరుకుతాయి. ఒకటి తల్లి ఇచ్చినది, ఒకటి తండ్రి ఇచ్చినది. అలా చాలా చోట్ల అంకెలు రాసుకుని పోల్చి చూస్తే ఎవరి బిడ్డ ఎవరో తెలుస్తుంది. ఆకు అబద్ధం చెప్పొచ్చు, అమ్మేవాడు చెప్పొచ్చు, ఈ అంకెలు చెప్పవు. ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే ఈ కాబెర్నే సావిన్యోన్ ఉంది చూశారూ, దాని పుట్టుక ముప్పై ఏళ్ళ కిందటి దాకా ఎవరికీ తెలియదు. తీరా పరీక్ష చేస్తే కాబెర్నే ఫ్రాంక్ అనే నల్ల ద్రాక్షకీ, సావిన్యోన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షకీ పుట్టిందని తేలింది. అంత ఎర్ర వైనుకి కన్నవాళ్ళలో ఒకరు తెల్ల ద్రాక్ష! ఏ తోటలోనో, ఎవరూ పెళ్ళి చేయకుండానే జరిగిపోయింది.

ఇక మెర్లో. స్టీఫెన్‌కి ఇష్టమైన కథ ఇదే. మెర్లో తండ్రి కూడా ఆ కాబెర్నే ఫ్రాంకే. కానీ తల్లి ఎవరు? తెలియలేదు. ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఆ గడిని ఖాళీగా వదిలారు. చివరికి ఫ్రాన్సులో ఒక మూల, అందరూ వదిలేసిన తోటలో ఒక తీగ, మరో చోట పల్లెల్లో ఇళ్ళ ముందు పాకే మరి నాలుగు తీగలు దొరికాయి. ఎవరూ లెక్కలోకి తీసుకోని మొక్క. అదే మెర్లో తల్లి. స్టీఫెన్ నాకు ఫోను చేశాడు. "మేడం, దొరికిందండీ" అన్నాడు. కనుక్కున్నది అతను కాదు, ఎక్కడో ఎవరో. అయినా ఆ గొంతులో సంతోషం చూడాలి. "అన్నేళ్ళు ఎవరూ ఊహించి రాసేయలేదు చూశారా మేడం, ఖాళీగా ఉంచారు" అన్నాడు.

తండ్రి పేరు తెలియని కుర్రాడు ద్రాక్షల తల్లిదండ్రులను వెతికాడని ఒక పత్రికలో రాశారు. చదివి నేనూ కళ్ళు తుడుచుకుని అతన్ని అడిగాను. "ఆ ల్యాబులో ఖాళీ ఉందంటే చేరానండీ, అంతే" అన్నాడు. కాబట్టి ఈ సభలో ఎవరైనా ఆ మాట ఎత్తి ఏడిపించబోతే అతను ఒప్పుకోడని తెలుసుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి నుంచి నాకు మాట్లాడడం కష్టం. నీళ్ళు ఇవ్వండి.

మా నర్సరీ సింగ్ నగర్ దాటాక నున్న ఊరికి వెళ్ళే దారిలో ఉంది. మా అబ్బాయి దుర్గాప్రసాద్ నడుపుతాడు. నడుపుతాడని వాడు అనుకుంటాడు. మొక్కల మాట నాదే. ఆ రైతులకు మొక్కలు పెంచి ఇచ్చింది మేము. తల్లి తీగలు రెండు రకాలు తెచ్చాం, కాబెర్నే, మెర్లో. స్టీఫెన్ వచ్చి ఒక్కో తల్లి తీగ ఆకునూ పరీక్ష చేయించి, ఇవి ఇవే అని సర్టిఫికెట్ రాశాడు. అక్షరం అక్షరం నిజం. ఆ తీగల కొమ్మలు కోసి ట్రేల్లో నాటి, ప్రతి ట్రేకీ చీటీ కట్టాం.

తర్వాత బుడమేరు వాగు పొంగింది. మీలో చాలామంది ఇళ్ళలోకీ వచ్చాయి ఆ నీళ్ళు. మా నర్సరీలో నడుము లోతున నిలిచాయి. ట్రేలు దొర్లాయి, చీటీలు కొట్టుకుపోయాయి, ఉన్న నాలుగు చీటీల మీద సిరా కరిగిపోయింది. మొక్కలు చాలా మటుకు కుళ్ళాయి. బతికినవి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. స్టీఫెన్ అప్పుడు ఊళ్ళో లేడు. ఫోను చేసి చెప్పాడు. "కలిసిన మొక్కలు పరీక్ష అయ్యేదాకా అమ్మకండి మేడం. రకం తెలియదు అని చీటీ కట్టించండి."

తెలియదు అనా? నా నర్సరీలోనా? ముప్పై మూడేళ్ళు ఆకులు చూసి పేర్లు చెప్పినదాన్ని, తెలియదు అని రాసి చీటీ కడితే ఎవరు కొంటారు? ఏ నర్సరీవాడైనా చీటీని ఖాళీగా వదులుతాడా? పేరు లేని మొక్క అమ్ముడుపోదు, అది మా వృత్తిలో మొదటి పాఠం. కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. బురద కడిగించి, ఒక్కో లేత ఆకునూ వెలుగుకు ఎత్తి చూశాను. ఇది కాబెర్నే, ఇది మెర్లో. నా చేత్తో నేనే రాశాను. నా దస్తూరీ బాగుంటుంది. అందుకని తప్పు కూడా అందంగా వచ్చింది.

ఆ రెండు రకాలనూ కన్నవాళ్ళలో ఒకరు ఆ కాబెర్నే ఫ్రాంకేనని నాకు తెలుసు. సవతి తోబుట్టువులు. ముదురు ఆకులో తేడా కనబడుతుంది, వరదలో నాని పసుపెక్కిన లేత ఆకులో కనబడదు. అది కూడా తెలుసు. అయినా రాశాను. ప్రతి లాటుతోనూ స్టీఫెన్ సర్టిఫికెట్ జిరాక్సు పెట్టి పంపించాం. వరదకు ముందు, తల్లి తీగలకు ఇచ్చిన సర్టిఫికెట్.

తిరుపతిరావు గారూ, వెనక వరుసలో ఉన్నారు, చూస్తున్నాను. ఫిర్యాదు రాసింది మీరు. ఈ మాట మీకు వినబడాలి. మీ తోటలో తప్పు మొక్కలకు కాబెర్నే అని పేరు పెట్టింది స్టీఫెన్ కాదు. నేను.

పోయిన ఏడాది ఆషాఢంలో స్టీఫెన్ మా వరండాలోకి వచ్చాడు. అనుమానం వచ్చి రెండు తోటల నుంచి ఆకులు తనే కోసుకెళ్ళి పరీక్ష చేయించాడు. కాగితం నా ముందు పరిచి, వేలితో అంకెలు చూపిస్తూ, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఈ వరసలో నాలుగు మెర్లో అంకెలు మేడం. నాకు మొదటి నిమిషంలోనే అర్థమైంది. అర్థమైంది కాబట్టే కోపం వచ్చింది.

అప్పుడు నేనన్న మాట ఇక్కడ చెప్పాలి. అమలమ్మగారూ, మీ ముందే చెప్పాలి. "తండ్రి గడి నింపుకోలేనివాడివి, నువ్వా నాకు పుట్టుకల గురించి చెప్పేది?" అన్నాను.

వినబడిందా అందరికీ? మైకు బాగానే పనిచేస్తోందిగా.

అతను కాగితం మడిచాడు. మా కోడలు ఇచ్చిన మజ్జిగ పూర్తిగా తాగాడు. గ్లాసు పక్కన పెట్టి, "రైతులకు మీరే చెబితే బాగుంటుంది మేడం. నేను చెబితే మీరు తప్పు చేశారన్నట్టు అవుతుంది. మీరు చెబితే మీరు సరిదిద్దుకున్నట్టు అవుతుంది" అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అన్ని మాటలు పడి కూడా నా పరువుకి దారి వెతికి పెట్టి వెళ్ళాడు. నేను చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. శ్రావణం వచ్చింది, దసరా వచ్చింది. ఇంతలో కంపెనీవాళ్ళే ఆకులు పరీక్ష చేయించుకున్నారు.

రైతులు సర్టిఫికెట్ పట్టుకుని అతని ఇంటి మీదికి వెళ్ళారు. ఈ సంతకం నీదేనా అని అడిగారట. "సంతకం నాదేనండీ" అన్నాడు. ఆ తర్వాత ఎన్ని తిట్టినా ఇంకో మాట లేదు. భార్య శాలిని లోపలి నుంచి ఏడుస్తూ, చెప్పండి, ఎవరు చేశారో చెప్పండి అంటే, "మేడం చెబుతారు" అన్నాడట. జీవితంలో తెలిసి కూడా అతను ఖాళీగా వదిలిన గడి అదొక్కటే. అది నా కోసం వదిలాడు. అలా వదలడం తప్పని కూడా చెబుతాను, స్టీఫెన్ వింటే విననీ. నా కోసం ఎదురుచూసి రైతులకు కొన్ని నెలలు నష్టం చేశావు. గురువు అయినంత మాత్రాన అంత గౌరవం ఎవరికీ ఇవ్వకూడదు.

ఆ నష్టం అతనికీ తెలుసు. అందుకే డిసెంబరు నుంచి ప్రతి ఆదివారం, పూజ అయిపోగానే, గుణదల నుంచి మైలవరం బస్సెక్కేవాడు. సంచి నిండా ఎర్రగుడ్డ పీలికలు. తోటలో ఒక్కో మొక్క దగ్గరా ఆగి, ఇప్పుడు ముదిరిన ఆకు చూసి, అనుమానం ఉంటే ఆకు కోసి ల్యాబుకి పంపి, మెర్లో అని తేలిన ప్రతి మొక్కకూ పీలిక కట్టేవాడు. పీలిక ఉన్నవాటికి అంటు మార్చుకోవచ్చు, లేదా కాయ విడిగా కోసుకోవచ్చు. విడిగా కోసి ఇస్తే రెండు రకాలూ తీసుకునేలా కంపెనీవాళ్ళను అతనే ఒప్పించాడు. ఈ సంగతి మీలో ఎంతమందికి తెలుసు? సర్టిఫికెట్ల సారు తోటకి తాయెత్తులు కడుతున్నాడని నవ్వినవాళ్ళు నాకు తెలుసు.

ఎనిమిది తోటలు పూర్తయ్యాయి. తొమ్మిదో తోట తిరుపతిరావు గారిది. ఆయన గేటు తీయలేదు. ఆయన తప్పేం లేదు, మోసం చేశాడనుకున్న మనిషిని ఎవరు రానిస్తారు? చనిపోయే ముందు ఆదివారం కూడా స్టీఫెన్ ఆ గేటు ముందు మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి తిరిగి వచ్చాడు. బుధవారం ఆయాసం అన్నాడు. గురువారం లేడు.

మూడో రోజు శాలిని మా ఇంటికి వచ్చింది. నన్ను నాలుగు దులిపి పోతుందనుకున్నాను, దులిపినా బాగుండేది. నా చేతిలో ఒక పాత నోటుబుక్కు పెట్టి, "మీకివ్వమన్నారండీ" అని వెళ్ళిపోయింది. అతని డిగ్రీ మొదటి సంవత్సరం నోట్సు. మొదటి పేజీలో నేను క్లాసులో చెప్పిన మాట, తేదీతో సహా రాసుకున్నాడు. "ఆకు చూస్తే అనుమానం మాత్రమే వస్తుంది. రుజువు దొరికేదాకా పేరు రాయకూడదు. పద్మావతమ్మ మేడం."

నేనే చెప్పానట. నాకు గుర్తు లేదు. నలభై ఏళ్ళు అతను దాని ప్రకారం బతికాడు. చెప్పినదాన్ని నేను మరిచిపోయాను.

అమలమ్మగారూ, మిమ్మల్ని క్షమించమని అడగను. అడిగితే మీరు మంచితనం కొద్దీ సరేనంటారు, నేను తేలిగ్గా ఇంటికి పోతాను. అలా కుదరదు. మీ కొడుకు సంతకం అమ్ముకోలేదు. ఆ మాట మీరు రేపు గుణదలలో అందరికీ తలెత్తుకుని చెప్పండి. ఎవరు చెప్పారంటే నా పేరు చెప్పండి.

తిరుపతిరావు గారూ, ఆ ఫిర్యాదు నకలు మీ జేబులోనే ఉందని విన్నాను. నిందితుడి గడిలో స్టీఫెన్ పేరు కొట్టేయండి. నా పేరు రాయండి. ఇంటిపేరుతో సహా రాయండి, అక్షరాలు తెలియకపోతే నేను చెబుతాను. ఊహించి రాయమనడం లేదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి రాయమంటున్నాను. నేనిప్పుడు చెప్పినదంతా కాగితం మీద రాసి సంతకం పెట్టి తెచ్చాను, అది జాన్ పాల్ గారి చేతిలో ఉంది. మా అబ్బాయికి ఈ కాగితం సంగతి ఈ క్షణం దాకా తెలియదు. ఆ మూల నిలబడి వాడు నన్ను ఎలా చూస్తున్నాడో నాకు కనబడుతోంది. చూడనివ్వండి.

ఇంకొక్కటి అడుగుతాను. రేపు ఆదివారం మీ గేటు తీయండి. దుర్గాప్రసాద్ కారు తెస్తాడు. స్టీఫెన్ సంచిలో ఇంకా పీలికలు మిగిలాయి. నేను వరస చివర కూర్చుంటాను, నడవలేను. నా కళ్ళను మాత్రం నమ్మకండి. అనుమానం ఉన్న ప్రతి ఆకూ ల్యాబుకి వెళుతుంది. తేలేదాకా ఆ మొక్కకు ఖాళీ చీటీ కడతాను. నా చేత్తో కడతాను.

అయిపోయింది, జాన్ పాల్ గారూ. గడియారం చూడకండి.

స్టీఫెన్ నా పరువు కోసం పది నెలలు నోరు మూసుకున్నాడు. మనం అతని కోసం రెండు నిమిషాలు మూసుకుందాం. ఫోన్లు ఆపేయండి. కూర్చోగలిగినవాళ్ళు నిలబడగలరు, నేను ఈ బల్ల పట్టుకుని నిలబడతాను. అమలమ్మగారూ, మీరు లేవొద్దు. మేము లేస్తాం, మీ ముందు.

రెండు నిమిషాలే. అవి అయిపోయాక మాత్రం ఎవరూ మౌనంగా ఉండకండి. చెప్పుల దగ్గర మొదలుపెట్టిన మాటను చెప్పుల దగ్గరే సరిచేసి, అప్పుడు ఇళ్ళకు వెళ్ళండి.

లేవండి.